చప్పుడు చాటున చెప్పిన మాట

మరమగ్గాల మిల్లులో ఇరవై ఆరేళ్లు పనిచేసిన మనిషికి ప్రపంచంలో ఏ చప్పుడూ ఒక లెక్క కాదు. అందుకే చెల్లెలి కూతురు హెవీ మెటల్ బ్యాండులో డ్రమ్స్ వాయిస్తోందనీ, శనివారం నగరంలో ప్రదర్శన ఉందనీ తెలిసినప్పుడు చుట్టాలంతా చెవులు మూసుకున్నారు గానీ, అక్క జడవలేదు. "ఇద్దరం వెళ్లి రెండు రోజులు తిరిగొద్దాం అక్కా" అని చెల్లెలు ప్రేమగా పిలిచినప్పుడు మాత్రం ఆమె గుండెల్లో రాయి పడింది.

రెండేళ్ల కిందట మిల్లులో సగం మగ్గాలు ఆపేశారు. అక్కడే పనిచేస్తున్న ఈ అక్కాచెల్లెళ్లలో ఒకరినే ఉంచుకుంటామన్నారు. సూపర్‌వైజర్ అక్కను తన గదిలోకి పిలిచి, ఎవరిని ఉంచమంటావని అడిగాడు. "దానికి చూపు ఆనడం లేదు సార్, పోగు తెగినా కనిపెట్టలేదు" అనేసింది అక్క. పచ్చి అబద్ధం. చెల్లెలివి డేగకళ్లు. సోమవారానికల్లా చెల్లెలి పని పోయింది.

అప్పటినుంచీ ఆ మాటను అక్క మింగలేక కక్కలేక తిరుగుతోంది. చెప్తే చెల్లెలు మళ్లీ తన ముఖం చూడదేమోనని భయం. చెప్పకపోతే తనే చెల్లెలి ముఖం చూడలేకపోతోంది. ఈ ప్రయాణంలో ఎలాగైనా చెప్పేయాలనుకుంది. రైల్లో నోరు తెరిచి, కిటికీ వేయమని అడిగింది. లాడ్జి గదిలో నోరు తెరిచి, సబ్బు ఎక్కడుందని అడిగింది.

సాయంత్రం నాలుగింటికి హాల్లో అడుగుపెట్టారు. అందరూ నల్ల చొక్కాల కుర్రకారే. వీళ్లిద్దరూ వాళ్ల మధ్య దారి తప్పి వచ్చినవాళ్లలా ఉన్నారు. బ్యాండు మొదలయ్యేసరికి నేల అదిరింది, పక్కటెముకలు అదిరాయి. అక్కకు ప్రాణం లేచొచ్చింది. అచ్చం తమ మగ్గాల షెడ్డే! అక్కడ గొంతు పనికిరాదు. అందుకే మిల్లువాళ్లు శబ్దం లేకుండా నోరు పెద్దగా తిప్పుతూ మాట్లాడుకుంటారు, ఎదుటివాళ్లు పెదాలు చూసి అర్థం చేసుకుంటారు. ఆరు మగ్గాల అవతల నుంచే సంసారాల సంగతులన్నీ నడిచిపోయేవి.

వేదిక మీద పిల్ల జుట్టు విరబోసుకుని డ్రమ్ములతో తగవు పెట్టుకున్నట్టు వాయిస్తోంది. పాటగాడు గొంతు చించుకుంటున్నాడు. ఏమంటున్నాడో కన్నతల్లికైనా అర్థం కాదు. వాడి కడుపులోదంతా వాడు వెళ్లగక్కుతుంటే అక్కకు ఆశ పుట్టింది. ఇంత హోరులో తనేం అన్నా ఎవరు వింటారు? వేదిక వైపే చూస్తూ అనేసింది.

"నీ పని పోగొట్టింది నేనేనే. నీకు చూపు లేదని అబద్ధం చెప్పాను. నా పొట్ట కోసం నీ పొట్ట కొట్టాను."

ఒళ్లు తేలికపడింది. హమ్మయ్య అనుకుంటూ పక్కకు తిరిగింది. చెల్లెలు వేదికను చూడటం లేదు. తన పెదాలనే చూస్తోంది.

ఎంత తెలివితక్కువ పని! బతుకంతా హోరులోనే విన్న మనిషికి హోరు చాటవుతుందా?

చెల్లెలి పెదాలు నిదానంగా కదిలాయి. "తెలుసు."

"ఎవరు చెప్పారు?"

"నువ్వే. సూపర్‌వైజర్ గదికి అద్దాల గోడ కదక్కా. నా మగ్గం దగ్గర నిలబడి మొత్తం చూశాను."

అక్క ఇంకాస్త దగ్గరకు జరిగింది. "మరి ఇన్నాళ్లూ అడగలేదేం?"

"మొదట్లో నీ పీక పిసికేద్దామన్నంత కోపమొచ్చింది. తర్వాత కుట్టుపని దొరికింది, నడుంనొప్పి తగ్గింది, కోపమూ తగ్గింది. నీ నోటితో నువ్వే చెప్తావని చూస్తున్నాను. రెండేళ్లు పట్టింది మహాతల్లికి!"

అక్క బావురుమంది. ఆ ఏడుపు ఎవరికీ వినపడలేదు. రెండేళ్ల బరువు ఒక్కసారిగా దిగిపోతే మనిషి అలాగే ఏడుస్తుంది. చెల్లెలు ఆమె చెయ్యి పట్టుకుంది.

అంతలో పాట ఆగిపోయింది. హాల్లో మాట వినపడేంతగా హోరు తగ్గేసరికి ఇద్దరికీ ఎక్కడలేని మొహమాటం ముంచుకొచ్చింది. "మంచినీళ్లు తాగుతావా?" అంది అక్క. చెల్లెలు వద్దని తలూపింది.

క్షమించమని అడగడం ఇంకా మిగిలే ఉంది. అక్క రెండు చేతులూ పైకెత్తి, వేదిక మీది పిల్లకేసి చూస్తూ, కుర్రాళ్లందరికంటే గట్టిగా అరిచింది. "ఆపావేమే? వాయించు!"