పీట మీద పిల్ల

మేం గరివిడి వచ్చింది ఎండాకాలంలో. మా ఆయనకి అక్కడి ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. ఊరి చివర ఒక రైతు ఇంటి మేడ మీద రెండు గదుల వాటా దొరికింది. కింద ఇంటివాళ్లు ముగ్గురే. ఇంటాయన తెల్లారకుండానే పొలానికి పోయేవాడు. ఆయన తల్లి, బాగా పెద్దావిడ, వీధి అరుగు మీద చాప పరుచుకుని పగలంతా అక్కడే ఉండేది. ఇంటావిడకి నలభై దాటి ఉంటాయి. నేను ఆవిడని అక్కా అనేదాన్ని, ఆరేళ్ల మా పిల్ల పెద్దమ్మా అనేది. మీకు పిల్లలు లేరా అని నేనెప్పుడూ అడగలేదు. ముందుగది చూస్తేనే అది అడగకూడని మాటని తెలిసేది. గోడల మీద ఒక్క ఫోటో లేదు, మేకులు మాత్రం ఉన్నాయి.

దసరా వచ్చింది. అక్క తొమ్మిది రోజులూ ఉపవాసం ఉంటుంది. సాయంత్రం దీపాల వేళ కాసిన్ని పాలు, అరటిపండు, అంతే. ఉప్పు ముట్టదు. మా అమ్మ ఆమదాలవలసలో ఏటా ఒంటిపూట ఉండేది. పెళ్లయ్యాక నేను ఆ అలవాటు వదిలేశాను. ఆ ఏడు అక్కని చూసి మళ్లీ పట్టాను. మేడ మీద దేవుడికి విడిగా చోటు లేదని, కింద పూజలోనే కూర్చోమంది. కలశం ఆవిడే పెట్టింది. పక్కన అఖండ దీపం. తొమ్మిది రోజులూ ఆరకుండా చూడాలి కాబట్టి, ఆ రోజుల్లో ఆవిడ గడప దాటదు.

పాడ్యమికి ముందురోజు మేడెక్కి వచ్చి, మా పిల్లని బాలమ్మగా కూర్చోబెడతానంది. చిన్నపిల్లని పీట మీద కూర్చోబెట్టి, అమ్మవారిలా కొలిచి, భోజనం పెట్టి పంపడం మా అమ్మ వాళ్లింట్లోనూ ఉంది. నాకు సంతోషమే అయింది. కాకపోతే మా వైపు రోజుకో పిల్లని పిలుస్తారు. అక్క మాత్రం తొమ్మిది రోజులూ మా పిల్లే కావాలంది. బడికి ఎలాగూ సెలవులే కదా అని సరేనన్నాను.

మొదటి రోజు పొద్దున్నే పిల్లకి తలంటి కిందకి తీసుకెళ్లాను. అక్క లోపలి నుంచి పట్టులంగా తెచ్చింది. చిలకాకుపచ్చ రంగు, ఎర్రంచు. కలరా ఉండల వాసన గుప్పుమంది. నడుము దగ్గర రెండు మడతలు వేసి కట్టింది. పిల్ల కాళ్లు పసుపు నీళ్లతో కడిగి, పారాణి పెట్టి, కుంకుమ దిద్దింది. దండం పెట్టుకుని, ఆ చిన్న పాదాల మీద తల ఆనించి చాలాసేపు లేవలేదు. అరుగు మీది పెద్దావిడ లోపలికి ఒకసారి తొంగి చూసి, ముఖం వీధివైపు తిప్పేసుకుంది.

ఆ మధ్యాహ్నం నేను బట్టలు ఆరేస్తుంటే పెద్దావిడ నన్ను దగ్గరికి పిలిచింది. ఆ లంగా కొన్నది కాదని, వాళ్ల మనవరాలిదని చెప్పింది. ఒక్కతే పిల్లట. దసరా రోజుల్లోనే జ్వరం పట్టుకుందట. విజయనగరం ఆసుపత్రికి తీసుకెళ్తే అక్కడే పోయిందట. ఇదంతా చెప్పి, గొంతు తగ్గించి అంది.

"ఇన్నేళ్లూ ఆ పెట్టె తెరవనేదు. నీ పిల్లని సూసినాకే తీసింది."

మిగిలిన బట్టలు ఆరెయ్యకుండానే మేడెక్కేశాను. ఆ రాత్రి మా ఆయనకి చెబితే, ఏదో సాకు చెప్పి రేపట్నుంచి పంపడం మానెయ్యమన్నాడు. మా అమ్మకి ఫోన్ చేస్తే ఆవిడ మాట వేరుగా ఉంది. అమ్మవారి పీట మీద ఒకసారి కూర్చోబెట్టిన పిల్లని మధ్యలో లేపకూడదట. నువ్వు పక్కనే ఉండు, ఏం కాదు అంది. నేను పక్కనే ఉండాలని నిశ్చయించుకున్నాను.

మా పిల్ల ఒకచోట రెండు నిమిషాలు కూర్చునే రకం కాదు. టీవీలో బొమ్మలు పెట్టకపోతే ముద్ద మింగదు. అలాంటిది ఆ పీట మీద గంటసేపు కదలకుండా కూర్చునేది. కళ్లు ఎక్కడో పెట్టి, రెప్ప వెయ్యడం కూడా మానేసినట్టు ఉండేది. పులిహోర, పరమాన్నం, గారెలు, ఏది పెడితే అది విస్తట్లో మెతుకు మిగలకుండా తినేది. పూట పూటకీ మేడ మీద తిండి తగ్గించేసింది. ఏమే అంటే, కింద తింటాను కదా అనేది. ఒంటిపూట ఉపవాసంతో నాకు తల తేలిపోతూ ఉండేది. నా కళ్లు నన్ను మోసం చేస్తున్నాయేమో అనుకునేదాన్ని.

నాలుగైదు రోజులు గడిచాక, పూజ మధ్యలో నేను పిల్లని ముద్దుపేరుతో పిలిచాను. చెంప మీద పువ్వు రేకు అంటుకుంటే తీసుకోమని. తిరగలేదు. మళ్లీ పిలిచాను. తిరగలేదు. అక్క మెల్లగా "తల్లీ" అంది. వెంటనే తిరిగింది. తిరిగి, దూలం వైపు చూసి అడిగింది.

"ఉయ్యాల ఏదీ?"

ఆ ఇంట్లో ఉయ్యాల లేదు. పైకి చూస్తే దూలానికి రెండు ఇనప కొక్కేలు కనిపించాయి. సున్నం వేసినప్పుడు వాటి మీద కూడా పూసేశారు, ఉన్నట్టు కూడా తెలియదు. అక్క చేతిలో హారతి పళ్లెం ఆగిపోయింది. కాసేపటికి మళ్లీ తిప్పింది. పిల్ల ఆ కొక్కేలు చూసే అడిగి ఉంటుంది. కొక్కేలుంటే ఉయ్యాల ఉండేదని పిల్లలకీ తెలుస్తుంది. మెట్లెక్కుతూ నాకు నేను ఇలాగే చెప్పుకున్నాను. ఆ మాట నాకే నమ్మబుద్ధి కాలేదు.

ఆ మర్నాటి నుంచి అక్క ముఖం మారింది. ఉపవాసంతో చెంపలు లోపలికి పోయినా, కళ్లు మాత్రం వెలుగుతూ ఉండేవి. పూజ అయ్యాక కూడా పిల్లని పంపడానికి మనసొప్పేది కాదు. జడ విప్పి మళ్లీ వేసేది. ఒకరోజు నేను చెయ్యి పట్టి లేపబోతే, ఇంకొంచెం సేపు ఉంచమని అడిగింది. అడిగిన తీరు బతిమాలినట్టుంది. కాదనలేకపోయాను. కానీ ఆ కాసేపూ పిల్ల లంగా అంచు పట్టుకుని నేనూ అక్కడే కూర్చున్నాను. లంగా నడుము దగ్గర వేసే మడతలు ఆపాటికి అక్కర్లేకపోయాయి. చిన్నది చేసి కుట్టావా అని అక్కని అడిగితే, లంగాకి సూదే తగలనివ్వలేదంది. పెద్దావిడ కుట్టిందేమోనని అనుకున్నాను. కానీ ఆవిడకి సూదిలో దారం ఎక్కించే చూపు లేదు.

విజయదశమి పొద్దున్న ఉద్వాసన చెప్పాం. అక్క కలశాన్ని కొంచెం ఉత్తరంగా కదిపి, దీపంలో ఇంక నూనె పొయ్యలేదు. పిల్లకి కొత్త గౌను, గాజులు, పళ్లు పెట్టి దండం పెట్టుకుంది. పట్టులంగా విప్పి మడత పెట్టింది. అంతా అయిపోయింది, బయటపడ్డాం అని నేను గుండె నిండా ఊపిరి పీల్చుకున్నాను. పిల్ల చెయ్యి పట్టుకుని గడప దాకా వచ్చాను. అక్కడ పిల్ల ఆగింది. నా చెయ్యి విడిపించుకుని వెనక్కి తిరిగింది.

"అమ్మా, పోతన్నాను."

ఆ మాట నాతో కాదు. చూపు అక్క మీద ఉంది. ఎప్పుడూ పెద్దమ్మా అనే పిల్ల.

మా వైపే కాదు, ఏ ఇంట్లోనూ గడప దాటుతూ ఆ మాట ఎవరూ అనరు. పక్కింటికి వెళ్తున్నా వెళ్లొస్తాననే అంటారు. పిల్లని భుజం పట్టి ఊపాను.

"అలగ అనకూడదు. ఎల్లొస్తానని సెప్పు."

పిల్ల పెదవి కదపలేదు. అక్క దీపం ముందు నుంచి లేచి నిలబడింది. ఏడవలేదు.

"అననీవే. మరి ఆపకు," అంది నాతో. తర్వాత పిల్లతో, "ఎల్లు తల్లీ," అంది.

నేను పిల్లని ఎత్తుకుని మెట్లెక్కేశాను. రోజూ ఎత్తుకునే పిల్లే ఆ రోజు మొయ్యలేనంత బరువనిపించింది. పడుకోబెట్టగానే నిద్రపోయింది. నేను మంచం పక్కన కూర్చుని దాని గుండె మీద చెయ్యి తియ్యలేదు. నుదురు పదే పదే ముట్టుకుని చూశాను. జ్వరం లేదు. ఆ మాట దాని నోట వచ్చింది కాబట్టి, అది దానికే తగులుతుందేమోనని నా భయం. పండగ వంట చెయ్యలేదు. మా ఆయన వచ్చి ఏమైందని అడిగితే, పిల్ల నుదురు ముట్టుకుని చూడమన్నాను.

మధ్యాహ్నం లేచి ఆకలన్నది. పప్పూ అన్నం కలిపితే, టీవీ పెట్టమని పేచీ పెట్టింది. ఆ పేచీ వింటే నాకు ప్రాణం లేచొచ్చింది. తింటుండగా, పొద్దున్న కింద ఏమన్నావే అని అడిగాను.

"ఏటన్నాను? పెద్దమ్మా, ఎల్లొస్తానన్నాను," అంది.

ఇంకో ముద్ద కలిపి పెట్టాను.

సాయంత్రం అక్క పైకి వచ్చింది. పళ్లెంలో అన్నం, గుమ్మడికాయ పులుసు. తనూ ఉప్పు వేసిన కూడు తినేసి వచ్చానంది. గుమ్మంలోనే కూర్చుంది. కూతుర్ని ఆసుపత్రికి తీసుకెళ్లిన రోజు గురించి అప్పుడు చెప్పింది. నిద్రలో ఉన్న పిల్లని తండ్రి ఆటోలోకి ఎత్తుకెళ్లాడట. ఇంట్లో దీపం ఆరకూడదని తను ఉండిపోయింది. దీపం చూసుకుంటే అమ్మవారు పిల్లని చూసుకుంటుందని నమ్మింది.

"ఒక మాటైనా సెప్పకండా పోయింది. అదే నన్ను తినేస్తన్నాది ఇన్నేళ్లూ. ఇప్పుడు సెప్పింది," అంది.

నా పిల్ల నోటితో చెప్పించావు కదా అని నాకు కోపం వచ్చింది. ఆవిడ ముఖం చూస్తే ఆ కోపం నిలబడలేదు. మా పిల్లకి అలా అన్నట్టే గుర్తు లేదని ఆవిడకి ఇప్పటికీ చెప్పలేదు. పళ్లెం కడిగి, ఊరికే ఇవ్వకూడదని అందులో కాస్త పంచదార వేసి ఇచ్చాను.

మరుసటి దసరాకి అక్క ఉపవాసం ఉంది, కలశం పెట్టింది. అఖండ దీపం పెట్టలేదు. వీధిలో ఆడపిల్లలందరినీ పిలిచి వరసగా కూర్చోబెట్టింది. వాళ్లు ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ, అరటిపళ్లు కింద పడేస్తూ గోలగోలగా ఉన్నారు. మా పిల్లని పిలవలేదు. నేనూ పంపనా అని అడగలేదు. ఒంటిపూట మాత్రం ఉంటున్నాను. అమ్మవారి మీద భక్తితో ఉంటున్నానో, పిల్ల మీద భయంతో ఉంటున్నానో నాకే తెలియదు. ఆ తొమ్మిది రోజులూ పిల్ల మెట్లు దిగుతుంటే వంటగదిలోంచి బయటికొచ్చి, అది వీధి మలుపు తిరిగేదాకా చూస్తాను.