నల్ల తెరను మొదటి వరస నుంచి చదివాను

చదువు కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో అక్షరం కనబడితే చాలు, నిలబడి చదివేదాన్ని. బస్సు మీది బోర్డు, పకోడీలు చుట్టిన కాగితం, మందు సీసా మీది తేదీ (ఆ తేదీలు చదివి మింగడం మానేసిన మందులు కూడా ఉన్నాయి). నలభై దాటేవరకు పొందూరులో రాట్నం తిప్పినదాన్ని, ఆ మాత్రం కక్కుర్తి ఉంటుంది. తెలుగు, దాని వెనకే ఇంగ్లీషు అక్షరాలు నేర్పింది ఆమదాలవలసలో ఉండే మా మేనకోడలు. ఆ ధైర్యంతోనే మా నూలు సంఘం ఆఫీసులో కంప్యూటరు ముందు కుర్చీ సంపాదించాను. ఆడవాళ్ళు వడికి తెచ్చిన నూలుకు ఫోటోలు తీసి, పేర్లు పెట్టి దాచడం నా పని. యంత్రం పాతది కాబట్టి తేలికగా నడుస్తుందని మేనకోడలే అందులో విండోస్ తీసేసి లినక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించింది.

ఒకరోజు పొద్దున్న పాస్‌వర్డ్ కొడితే లోపలికి రానిచ్చినట్టే రానిచ్చి, తెర ఒక్కసారి నల్లబడి, మళ్ళీ పాస్‌వర్డే అడిగింది. పది సార్లు కొట్టాను, పది సార్లూ అంతే. సంఘం ప్రెసిడెంటుగారు వెనక నిలబడి చూసి, మెల్లగానే అన్నారు. "సూడమ్మా, సాయంత్రానికి ఇది తెరుసుకోకపోతే రేపు డిగ్రీ సదివిన పిల్లని కూకోబెడతాను. నువ్వు రాట్నం కాడికెళ్ళిపో."

మేనకోడలికి ఫోన్ చేశాను. కంట్రోల్, ఆల్ట్, పై వరసలోని ఎఫ్3 మీటలు కలిపి నొక్కమంది. నొక్కగానే బొమ్మలన్నీ పోయి నల్ల తెర, దాని మీద తెల్ల అక్షరాలు. భయం వేయాల్సింది, కానీ నాకు నేత గుడ్డ తిప్పి వెనకవైపు చూసినట్టు సరదా పుట్టింది. పాస్‌వర్డ్ కొట్టమంటే కొట్టాను, ఒక్క చుక్క కూడా పడలేదు. గట్టిగా కొట్టాను (కీబోర్డుకు చెవుడనుకున్నాను).

"పడతాది అత్తా, కనిపించదు అంతే."

"కనిపించనిది పడిందని ఎలా నమ్మీదే?" అని నేను అంటుండగానే అది నమ్మి లోపలికి రానిచ్చింది.

తను చెప్పిన మాటేదో కొడితే తెర నిండా వరసలు దిగాయి. ఆఖరి వరస ఒక్కటి చదవమంది. మొదలు వదిలేసి చదవడం నాకు చేతకాదు. మొదటి వరస నుంచి, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి, మొదలుపెట్టాను. ప్రెసిడెంటుగారు నిట్టూర్చి కుర్చీ లాక్కున్నారు. నాలుగో వరసలో నో, స్పేస్, లెఫ్ట్ అని కూడబలుక్కుంటుంటే మేనకోడలు ఆపింది.

"లోపల సోటు లేదంటంది అత్తా, అందుకే తెరుసుకోట్లేదు. తీసేసిన ఫోటోలు చెత్తబుట్టలోకెళ్తాయి కదా, దాన్ని ఎప్పుడైనా కాళీ చేసావేటి?"

ఎందుకు చేస్తాను? మా ఇళ్ళల్లో పళ్ళున్న చేప దవడను దువ్వెనగా పట్టి పత్తి దువ్వాక మిగిలిన పీచు కూడా పారేయరు, దిండులోకి దాస్తారు. మసకబారిన ఫోటోలూ, నా బొటనవేలు పడ్డ ఫోటోలూ రెండేళ్ళుగా ఆ బుట్టలో భద్రంగా ఉన్నాయి. ఎప్పటికైనా పనికొస్తాయని.

బుట్ట ఖాళీ చేసే మాటను మేనకోడలు చెబుతుంటే ముందు కాగితం మీద రాసుకున్నాను. అక్షరాల నడుమ ఒక్క ఖాళీ తప్పు పడినా మంచి ఫోటోలూ పోతాయంది. కాగితానికీ తెరకీ మూడుసార్లు పోల్చి చూసి నొక్కాను. ఆపి మళ్ళీ వెలిగించి పాస్‌వర్డ్ కొడితే, బొమ్మలన్నీ ఎక్కడివక్కడే. ప్రెసిడెంటుగారు తెర మీదికి వంగి చూసి, "అయితే రేపు నువ్వే రా" అని టీకి వెళ్ళిపోయారు.

ఆ కుర్చీ ఇప్పటికీ నాదే. చదవడం కూడా బాగా వేగం పుంజుకుంది. మొన్న తెర మీద ఏదో పొడుగాటి నోటీసు వచ్చింది, ఒక్క అక్షరమైనా చూడకుండా సరే అని నొక్కేశాను. నొక్కాక నవ్వొచ్చింది. వేలు పెట్టుకుని నాలుగో వరస దాకా వెళ్ళిన ఆ మనిషైతే నొక్కేది కాదు.