జవాబు మాత్రమే వినిపించే భజన

పల్లెల్లోని కళాబృందాలకు గ్రాంటు ఎక్కడ దొరుకుతుందో వెతికి, దరఖాస్తు నింపి పంపడం నా పని. ఆళ్లగడ్డ దగ్గర ఒక ఊళ్లో చెక్కభజన బృందం ఉంది. గజ్జెలు కట్టిన చెక్కలు వాయిస్తూ, గుండ్రంగా తిరుగుతూ బైబిలు కథలు పాడతారు. మగపిల్లలు బెంగళూరు పనులకు పోయాక మిగిలింది ఆడపిల్లలే. వాళ్లకు నేర్పించడానికి ఒక ట్రస్టు గ్రాంటు ఇస్తానంది. అది రాకపోతే ఆ బృందం కథ కంచికే. తీరా చూస్తే దరఖాస్తు తిరిగొచ్చింది. ఎందుకంటే నేను చూసుకోకుండా పంపిన ఒక పేజీలో, బృందంవాళ్లు నేర్పేవారి పేరు దగ్గర దేవదానం అని రాసి, దండ వేసిన ఫోటో అంటించారు! చనిపోయి నెలలు గడిచిన మనిషి పాఠం చెబుతాడంటే ఎవరు డబ్బిస్తారు? ఆయన కూతురు కరుణకు ఫోన్ చేసి బాగానే తలంటాను. ఆ అమ్మాయి మాత్రం, మా గురువు ఆయనే కదక్కా, వేరే ఎవరి పేరు రాయాల అని నెమ్మదిగా అడిగింది. బతికున్న మనిషి పేరు, ఆ మనిషి పాడించే వీడియో రేపటిలోగా పంపితే చూస్తామని ట్రస్టు వాళ్లు చివరి అవకాశం ఇచ్చారు. ఫోన్లో తేలే వ్యవహారం కాదని మర్నాడే బయలుదేరాను.

కర్నూలులో పొద్దున్నే బస్సెక్కితే టిఫిన్ వేళకు నంద్యాలలో ఉంటారు. బస్టాండు బయట ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. కారానికి కళ్లెంట నీళ్లొచ్చినా రెండో ప్లేటు వదల్లేదు. అక్కడినుంచి ఆళ్లగడ్డకు బస్సులకు కొదవ లేదు, గంట పైచిలుకు ప్రయాణం. ఆడవాళ్లు ఆధార్ కార్డు చేతిలో ఉంచుకుంటే టికెట్ డబ్బుల్లేవు. మగవాళ్లు వంద నోటు ఇస్తే చిల్లర కూడా వస్తుంది. ఆళ్లగడ్డలో దిగగానే శిల్పులు రాయి కొట్టే చప్పుడు వినిపిస్తుంది. ఒక షెడ్డు ముందు ముఖం ఇంకా చెక్కని విగ్రహాలు వరుసగా నిలబెట్టి ఉన్నాయి. పట్టపగలే అయినా అటు ఎక్కువసేపు చూడబుద్ధి కాలేదు.

ఊరి వరకు ఆటోనే దిక్కు. బాషా అనే డ్రైవరు రానూపోనూ నాలుగు వందలు అడిగి, మూడొందల యాభైకి దిగాడు. వెళ్లేది భజనవాళ్ల దగ్గరికని చెప్పేసరికి అతని హుషారంతా పోయింది. తాను వాళ్లు పాడే చర్చి దాకా రానని, మలుపులోనే ఆపుతానని అన్నాడు. ఎందుకని గుచ్చి గుచ్చి అడిగాను.

"ఆడ పాట మద్దెలో నిలిపేస్తారక్కా. ఎవురో మాట్లాడతాంటే ఇన్నట్ల ఉంటారు. మల్ల అందరూ ఒక్కసారే జవాబిస్తారు. నాకు ఒళ్లు జలదరిస్తాది."

నేను నవ్వాను. బాషా నవ్వలేదు.

చర్చి ముందు మట్టి నేల శుభ్రంగా ఊడ్చి ఉంది. కరుణ ఆళ్లగడ్డలో చిన్నపిల్లల బడి టీచరు. నాకోసం సెలవు పెట్టింది. వాళ్లమ్మ మార్తమ్మ నాకు సద్ద రొట్టె, గోరుచిక్కుడు కూర పెట్టి, తిన్నంతసేపూ పక్కనే కూర్చుంది. భర్త గురించి చెబుతూ ఎక్కడా 'ఉండేవాడు' అనలేదు. ఉప్పు తక్కువైతే ఆయనకు కోపం వస్తాదని చెప్పింది. ముద్ద నోట్లో పెట్టుకుని నేను ఊ కొట్టాను.

ఎండ కాస్త వాలాక సాధన మొదలైంది. నోవహు ఓడ కథ. జలప్రళయపు వాన మొదలవుతుంది, తండ్రి అయిన దేవుడే ఓడ తలుపు మూస్తాడు. అక్కడ గురువు ఒక ప్రశ్న పాడాలి, బృందం జవాబు పాడాలి. ఆ చోటుకు రాగానే చెక్కలన్నీ ఠక్కున ఆగిపోయాయి. వలయం నడుమ ఎవరూ లేరు. చిన్నపిల్లలు కూడా ఆ ఖాళీ వైపే తలలు తిప్పి చెవులు రిక్కించారు. గాలి కూడా ఆగినట్టు అనిపించింది నాకు. ఒక పాట వరుస ఎంతసేపు పడుతుందో అంతసేపు అలాగే ఉండి, అందరూ ఒక్క గొంతుతో అందుకున్నారు.

"తండ్రే మూసినాడయ్యా, తలుపు తండ్రే మూసినాడు."

ఇదంతా నేను ఫోన్లో వీడియో తీస్తూనే ఉన్నాను. అబద్ధమెందుకు, భయమేసింది. అరుగు మీద మార్తమ్మ కళ్లు మూసుకుని ఉంది. చెక్కలు ఆగినా ఆమె వేళ్లు మాత్రం మోకాలి మీద తాళం వేస్తూనే ఉన్నాయి.

కరుణను చర్చి వెనక్కి తీసుకెళ్లి సంగతి అడిగాను. సమాధి కార్యక్రమం అయ్యాక మొదటి సాధనలో, ఆ చోట ఏం చేయాలో తెలియక అందరూ ఆగిపోయారట. అప్పుడు మార్తమ్మ, ఆయన పాడతాండాడు, ఎవురూ అడ్డం రావాకండి అందట. ఆ రోజునుంచీ ఆ వరుస ఎవరూ ముట్టుకోలేదు. దరఖాస్తులో ఆయన పేరు రాయడం వెనక ఉన్నది అదే. తెలివితక్కువతనం అనుకుని నేను తిట్టిపోశాను. ఇప్పుడేమో వీడియోలో ఆ ఖాళీని పూడ్చాలి, అది పూడ్చగలిగేది ఈ అమ్మాయి ఒక్కతే. పాట మొత్తం తనకు వచ్చు. వచ్చినా పాడలేనంది. గ్రాంటు పోతే పిల్లలకు భజన లేదని నాకు తెలుసు, తనకూ తెలుసు.

చివరికి తనే కళ్లు తుడుచుకుని వెళ్లి వలయం నడుమ నిలబడింది. కథ మళ్లీ మొదలైంది. వాన వచ్చింది, చెక్కలు ఆగాయి. కరుణ గొంతు మొదట జీరపోయింది, తర్వాత నిలబడింది.

"తలుపు మూసిందెవరయ్యా, ఓడ తలుపు మూసిందెవరు?"

పిల్లలు ఒక్క క్షణం తడబడి జవాబు అందుకున్నారు. పాట పూర్తయింది. నేను వీడియో ఆపి అరుగు వైపు చూశాను. మార్తమ్మ వేళ్లు కదలడం లేదు. చెవి ఒగ్గి, వలయం మీదుగా ఎక్కడో దూరం వింటున్నట్టు చూస్తోంది. అలా వింటూనే కూతురితో అంది.

"మీ నాయన పాడేది నిలిపేసినాడు కరుణా."

ఆమె నా వైపు తిరిగి, బిడ్డ పేరే రాసుకోమ్మా అని చెప్పి లోపలికి వెళ్లిపోయింది. మలుపులో బాషా హారన్ కొడుతున్నాడు. నేను గబగబా పేరు మార్చి, ఆళ్లగడ్డ బస్టాండులో సిగ్నల్ దొరకగానే వీడియో పంపేశాను.

తిరుగు బస్సులో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మొదటి వీడియో, అదే ఖాళీ ఉన్నది, నంద్యాల దాకా మళ్లీ మళ్లీ విన్నాను. సౌండు పూర్తిగా పెంచినా ఆ చోట ఏమీ లేదు. ఏదైనా వినిపిస్తుందేమోనని భయపడుతూనే, వినిపిస్తే బాగుండునని కోరుకున్నాను. కొన్ని వారాలకు గ్రాంటు వచ్చింది. ఆడపిల్లలు వారానికి రెండుసార్లు నేర్చుకుంటున్నారు, కరుణ గొంతు బాగా తేరుకుందట. మార్తమ్మ మాత్రం సాధన వేళకు అరుగు మీదికి రావడం మానేసిందట. నేను చేసింది మంచిపనే. ఆ మాట నాకు నేను చాలాసార్లు చెప్పుకోవాల్సి వస్తోంది.

ఇలాంటి పని మీద వెళ్లేవారికి ఒక్క సలహా. నేర్పేవారి పేరు మార్చమని అడగాల్సి వస్తే ముందు ఆ ఇంట్లోవాళ్లతో మాట్లాడండి. ఆ పూట తిరుగు బస్సు తొందర పెట్టుకోకండి, మాట్లాడాక వాళ్ల దగ్గర కాసేపు కూర్చుని రండి.