మంద పడుకున్న నేల

భీమయ్య పన్నెండేళ్ళుగా దుబాయ్ అవతలి రస్ అల్ ఖైమా కొండల్లో ఒక కఫీల్, అంటే వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, మేకలు కాస్తున్నాడు. జగిత్యాల పక్క ఊళ్ళో ఉన్నప్పుడూ ఆయన పని అదే. తోటివాళ్ళు జెబెల్ అలీ రేవులో చెమటోడుస్తూ, దుబాయ్ వచ్చి కూడా మేకల తోకలే పట్టుకున్నావేమిటని నవ్వేవాళ్ళు. ఆయన పట్టించుకునేవాడు కాదు. ఆ లోయలో ఏ మొక్క ఎందుకు బతికిందో, ఏది ఎందుకు చచ్చిందో ఆయనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

ఊళ్ళో తాతల నాటి పద్ధతి ఒకటుంది. మందను చెలకలో పడుకోబెడతారు. పెంటికలతో నేలకు బలం వస్తుంది. మూడు రాత్రులు కాగానే మంద జరగాలి, మొలిచింది ఎదిగేదాకా మళ్ళీ అటు పోకూడదు. దీన్నే మంద పెట్టడమంటారు. ఇక్కడ చెలకలు లేకపోయినా ఆయన ఆ అలవాటు మానలేదు. సమ్ర్ చెట్ల కాయలు, మన తుమ్మకాయల్లాంటివే, కడుపునిండా తిన్న మేకలను లోయ అంచున బోడినేల మీద పడుకోబెట్టాడు.

2024 ఏప్రిల్లో, ఏళ్ళ తరబడి ఎరగని వాన ఒక్కరోజే కుమ్మరించి పోయింది. ఆ బోడినేల నిండా సమ్ర్ మొలకలు లేచాయి. ముళ్ళు గట్టిపడేదాకా వాటిని కాపాడాలని భీమయ్య మందను కొండ అవతలే తిప్పాడు. రోజూ నాలుగు కిలోమీటర్లు ఎక్కువ నడిచాడు, అదీ ఆ మండుటెండలో.

చలికాలంలో ఒక సర్వే కంపెనీ జీపు వచ్చింది. మొక్కలు లెక్కపెట్టారు, ఫోటోలు తీసుకున్నారు, వెళ్ళిపోయారు. ఆ పూట భీమయ్య కొండ అవతల ఉన్నాడు. నెల తిరగకుండా లోయ చుట్టూ కంచె లేచింది, మేత నిషేధమని బోర్డు వచ్చింది. ఆ లోయ పోతే, కొండ అవతలి మేత ఒక్కటీ మందకు చాలదని కఫీల్ మందను అమ్మకానికి పెట్టాడు. మంద పోతే భీమయ్య వీసా ఖలాస్.

ఒళ్ళు మండదా మరి? సెలవురోజుల్లో జీపులేసుకొచ్చి లోయంతా తొక్కేది మనుషులు. మాంసం కాల్చుకోవడానికి పచ్చికొమ్మలు నరికేది మనుషులు. కింది తోటలకు బోర్లు వేసి నీళ్ళు తోడేదీ మనుషులే. నేరం మాత్రం మేక మీద. మేక ఎదురు మాట్లాడదు కదా.

కంచె చూడటానికి సర్వే ఆఫీసరు వైదేహి వచ్చింది. కాకినాడ అమ్మాయి. తెలుగు వినపడగానే భీమయ్య ఎదురెళ్ళి నిలబడ్డాడు.

"మేకలు రాకనే ఇవి మొలిచినయని రాసిన్రట గదా, మేడం?"

"అవునండీ. మేం చూసినప్పుడు ఇక్కడ మేక అడుగు కూడా లేదు."

"నేనే రానియ్యలేదు. మంద వెట్టినంక జరపాలె గద. మొలిపిచ్చింది మేకలే."

ఆయన జేబులోంచి ఎండిన పెంటిక తీసి గోటితో చిదిపి చూపించాడు. మధ్యలో నల్లటి సమ్ర్ గింజ. వైదేహి దాన్ని అరచేతిలోకి తీసుకుని చూసింది.

"ఇది మాకు తెలియదండీ."

"అడిగితె చెప్పకపోదునా? కొండెనక ఉన్న, దేశం దాటిపోలేదు."

"రిపోర్టు వెళ్ళిపోయిందండీ. ఇప్పుడు మారిస్తే మా పైఆఫీసరు ఒప్పుకోరు."

గింజను మాత్రం రుమాల్లో కట్టుకుని పోయింది. దాన్ని ఏ కాగితం మీదా రాయలేదు.

మందను లారీ ఎక్కించిన రోజు పొద్దున, భీమయ్య ఖాళీ దొడ్డి ఊడ్చి రెండు గోనెసంచులు నింపాడు. కంచె దగ్గరికి మోసుకెళ్ళి, పెంటికలను దోసిళ్ళతో లోపలికి విసరసాగాడు. కాపలాకు కొత్తగా పెట్టిన షావలి పరుగెత్తుకొచ్చాడు. కడప నుంచి వచ్చినవాడు.

"అన్నా, లోపలికి రాకూడదంట."

"నేనేడ వచ్చిన? ఆఖరుసారి మంద వెడుతున్న."

"ఎందుకన్నా? నువ్వు పోతాండావు కదా."

భీమయ్య సంచి అడుగుదాకా దులిపాడు.

"వానొస్తది, మల్ల మొలుస్తయి. కంచె పుణ్యమని మల్ల రాసుకుంటరు. రాసుకోనియ్యి. ఆళ్ళ మీద కోపానికి నేలను ఎండవెట్టుమంటవా?"