ఎన్ని వదిలేవమ్మీ

మా ఎదురింటి టీచరమ్మ పోయారు. ఆ కబురు కోరాపుట్ ఆసుపత్రి నుంచి మా మనవరాలే ఫోన్లో చెప్పింది. "నానమ్మా, టీచర్ వెళ్ళిపోయేరు" అంది. అప్పుడు మా రాయగడలో గాలివాన. కరెంటు పోయింది. టీచరమ్మ గేటు ముందరి స్తంభం నుంచి తీగ ఒకటి తెగి, నేలకు జానెడు ఎత్తున ఊగుతోంది. ఆవిడే ఉంటే ఈపాటికి గొడుగు వేసుకుని వీధిలోకి వచ్చి, అటు పోయేవాళ్ళని కేకలేసి ఆపుతూ ఉండేవారు. ఆవిడ బదులు ఆ రోజు నేను వెళ్ళి నిలబడ్డాను.

ఆవిడ ఒక మిషన్ స్కూల్లో ఫిజిక్స్ చెప్పేవారు. సాయంత్రాలు ఇంటి ముందు గదిలో ట్యూషను. మాది పప్పుల హోల్‌సేలు కొట్టు. మేము కోమట్లం, వాళ్ళు క్రైస్తవులు. మధ్యన వీధి వెడల్పు మాత్రమే ఉండేది. పండక్కి మా అరిసెలు అటు, క్రిస్మస్‌కి వాళ్ళ కేకు ఇటు నడిచేవి. నన్ను పిన్నిగారూ అనేవారు.

ఆ గదిలో స్విచ్చిబోర్డు పక్కన మేకుకి దారంతో ఒక టెస్టరు వేలాడుతూ ఉండేది. బల్బు మార్చాలంటే ముందు మెయిను ఆపేవారు. తరవాత టెస్టరు పెట్టి చూసేవారు. ఆ తరవాత కూడా చెయ్యి వెయ్యకుండా కాసేపు అలా నిలబడేవారు. పిల్లలకి అదొక వేడుక.

"మెయిను ఆపీసేరు కదా టీచర్, ఇంకా ఏటి బయం?"

"బయం కాదురా ఎదవా. తెలుసుకోడం."

ఒకసారి నేనూ అడిగాను. అప్పుడు చెప్పారు. వాళ్ళ నాన్నగారు లమ్తపుట్ అవతల కొండల్లో కరెంటు తీగల పని చేసేవారట. ఒక వానాకాలం సాయంత్రం స్తంభమెక్కి తీగ మీద చెయ్యి వేశారు. "లైను ఆపేరనుకున్నారు పిన్నిగారూ. అనుకున్నారు, అంతే" అన్నారు. ఆ తరవాత తడిగాలికి మా వీధి తీగలు గుయ్యిమన్నప్పుడల్లా నాకా మాటే వినిపించేది.

ఆవిడ పాఠం కూడా ఆ టెస్టరు లాంటిదే. పిల్లలకిచ్చే ప్రశ్నపత్రంలో అసలు సరైన జవాబే లేని ప్రశ్నలు కొన్ని కావాలని కలిపేవారు. పరీక్ష రాసి వచ్చిన పిల్లని ఊరంతా ఎన్ని రాసేవు అని అడిగితే, ఆవిడ మాత్రం "ఎన్ని వదిలేవమ్మీ?" అనేవారు. ఒక్కటీ వదలకపోతే ఆ కాగితం దిద్దేవారు కాదు. మడిచి చేతిలో పెట్టేసేవారు.

నాకది నచ్చేది కాదు. నేను బి.ఏ. దాకా చదివినదాన్ని. మా ఇంట్లో మూల ఊడవకుండా వదిలినా, లెక్క తేల్చకుండా వదిలినా ఒప్పుకోను. జవాబు ఖాళీగా వదిలేస్తే అది బద్ధకం కాదా అని అడిగేశాను.

"రాకపోతే మార్కు రాదు, అంతే పిన్నిగారూ. రాకుండా రాస్తే ఉన్నదీ పోద్ది" అన్నారు.

మనవరాలు డాక్టరీ చదవాలనుకుంది. మా లాంటి వాళ్ళకి రెండు దారులు. ఒకటి ఆంధ్రా ఎంసెట్, రెండోది ఒరిస్సా ఎంట్రన్సు. ఎంసెట్‌లో తప్పుకి కోత లేదు. అయితే మేము నాన్‌లోకల్. అక్కడివాళ్ళకి పోగా మిగిలిన కాసిని సీట్ల కోసం కొట్టుకోవాలి. ఒరిస్సా పరీక్షలో మాకు హక్కుంది, కానీ తప్పు రాస్తే మార్కు కోసేస్తారు.

మా అబ్బాయికి ఈ తేడా పట్టలేదు. "రెండూ రాసీమను. ఏదో ఒకటి తగలకపోద్దా" అని పిల్లని వేసవిలో విజయనగరం కోచింగుకి పంపాడు. అది తిరిగొచ్చేసరికి మెరుపులా రాయడం నేర్చుకుంది. "ఆకరి నిమిషాల్లో మిగిలిన జవాబు గుండ్రాలన్నీ వరసగా నింపీమన్నారు నానమ్మా. ఎన్నో కొన్ని తగులుతాయట" అని నవ్వింది.

టీచరమ్మ దానికి ఒక పేపరిచ్చారు. పిల్ల గంట ముందే ముగించి ఇచ్చింది. ఒక్క గుండ్రం ఖాళీ లేదు. ఆవిడ దాన్ని నాలుగు మడతలు పెట్టి తిరిగిచ్చేశారు. ఆ సాయంత్రం మా గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాకుండానే, "దాని చెయ్యి ఆగడం మర్చిపోయింది పిన్నిగారూ" అన్నారు.

ఆ ఏడాది రెండు పరీక్షలూ రాసింది. ఒరిస్సా పరీక్షనాడు కోరాపుట్ సెంటరు నుంచి గంతులేసుకుంటూ బయటికొచ్చి, "అన్నీ రాసీసేను టీచర్!" అంది. టీచరమ్మ మొహం పాలిపోయింది. ఫలితాలొచ్చాయి. ఎంసెట్ ర్యాంకు బాగానే ఉంది, నాన్‌లోకల్‌కి చాలలేదు. ఒరిస్సాలో కోతలన్నీ పోగా సీటు అందనంత దూరంలో ఆగిపోయింది.

మా అబ్బాయి మండిపడ్డాడు. "ఇంకొక్క ఏడాది. అప్పుడూ రాకపోతే ఇక్కడే డిగ్రీలో పడేత్తాను, మరి డాక్టరీ ఊసెత్తొద్దు. ఈసారీ రెండూ రాయాల" అన్నాడు.

టీచరమ్మ అడ్డుపడ్డారు. "రెండు రాయిస్తే నేను సెప్పను బాబూ. ఉన్నది ఒక్క చెయ్యి. దానికి ఆగడవూ నేర్పి, ఆగకపోడవూ నేర్పడం నా వల్ల కాదు."

"రెండుంటే ఒకటి పోయినా ఒకటి ఉంతాది కదండీ!"

"పోయినేడు రెండూ ఉన్నాయి కదా. ఏది ఉంది?"

వాడు నావైపు చూశాడు. ఇంట్లో చివరి మాట నాది. ఒరిస్సా ఒక్కటే రాస్తుందని చెప్పాను. "పోతే నన్నడక్కమ్మా" అని కొట్టుకి వెళ్ళిపోయాడు. ఏడాది పొడుగునా ఆ మాట మా ఇంటి కప్పు కింద వేలాడుతూనే ఉంది.

పరీక్షకి ముందురోజు టీచరమ్మ, పిల్ల, నేను ముగ్గురం కోరాపుట్ రైలెక్కాం. కొండల మీద నల్లగా మబ్బు పట్టింది. ఆ దారంతా సొరంగాలే. మా పెట్టెలో దీపాలు వెలగలేదు. ఒక పొడుగాటి సొరంగంలోకి వెళ్ళేసరికి పక్కనున్న మనిషి కూడా కనిపించలేదు. చక్రాల మోత, రాళ్ళ మీంచి కారే నీళ్ళ వాసన. ఆ చీకట్లో టీచరమ్మ గొంతు వినిపించింది.

"అమ్మీ, ఇప్పుడు కిటికీలోంచి చెయ్యి బయట పెడతావా?"

"పెట్టను టీచర్."

"ఏం?"

"బయట ఏటుందో తెలీదు కదా."

"ఆఁ. రేపూ అంతే."

మళ్ళీ వెలుతురొచ్చేసరికి ఆవిడ పిల్ల చేతిని రెండు చేతుల్తో గట్టిగా పట్టుకుని ఉన్నారు.

మర్నాడు సెంటరు గేటు బయట ఇద్దరం ఒకే గొడుగు కింద నిలబడ్డాం. ఉరుములు. నేను మనసులో విష్ణు సహస్రనామం మొదలుపెట్టి రెండుసార్లు మధ్యలో తప్పాను. ఆవిడ ప్రార్థన కూడా చెయ్యలేదు. గేటునే చూస్తూ నిలబడ్డారు. పిల్ల అందరికన్నా చివర్న వచ్చింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఎన్ని వదిలేవమ్మీ?"

అది వేళ్ళ మీద లెక్కపెట్టబోయింది. వేళ్ళు చాలలేదు. "సాలా వదిలీసేను టీచర్. నాన్న సంపేస్తాడు" అని ఏడుపు లంకించుకుంది.

టీచరమ్మ వానలోనే దాన్ని దగ్గరికి తీసుకున్నారు. తరవాత నావైపు తిరిగి, "పిన్నిగారూ, మరి టీ తాగుదామా" అన్నారు. ఉదయం నుంచి ఆవిడ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదని నాకప్పుడు గుర్తొచ్చింది.

సీటొచ్చింది. మనవరాలు డాక్టరై కోరాపుట్‌లోనే పనిచేస్తోంది. టీచరమ్మకి జబ్బు చేసినప్పుడు అక్కడికే తీసుకెళ్ళాం. మంచం చుట్టూ చేరిన బంధువులు ఏం ఫరవాలేదన్నారు. పాస్టరుగారు దేవుడున్నాడన్నారు. వాళ్ళంతా వెళ్ళాక ఆవిడ మనవరాల్ని పిలిచారు.

"ఎన్నాళ్ళుంతానే అమ్మీ?"

దాని చేతిలో రిపోర్టులున్నాయి. ఏదో ఒకటి చెప్పెయ్యవే తల్లీ అని నాకు అరవాలనిపించింది. అది చాలాసేపు ఆవిడ కళ్ళలోకి చూసింది.

"తెలీదు టీచర్."

"వదిలేవన్నమాట" అన్నారావిడ. మొహం తేటపడింది. కళ్ళు మూసుకుని నిద్రపోయారు. మర్నాడు నేను రాయగడ వచ్చేశాను. ఆవిడ గొంతు వినడం అదే ఆఖరు.

సమాధి కార్యక్రమం అయ్యాక మనవరాలూ నేనూ ఆ ఇల్లు తెరిచాం. మళ్ళీ ముసురు పట్టింది. వీధిలో కరెంటొచ్చినా ముందు గదిలో బల్బు వెలగలేదు. మనవరాలు వెళ్ళి మెయిను ఆపింది. మేకుకి ఉన్న దారం విప్పి టెస్టరు తీసింది. స్టూలెక్కి హోల్డరులో పెట్టి చూసింది. వెలగలేదు. నేను కింద స్టూలు పట్టుకుని ఉన్నాను. బయట తీగలు గుయ్యిమంటున్నాయి. అది చెయ్యెత్తి, హోల్డరుకి బెత్తెడు దూరంలో ఆపి, ఆ మసక వెలుతురులో అలాగే నిలబడింది.