లస్కరు చేతులు కట్టేసే మేడమ్

ఇది రాయకుండానే ఊరుకుందామనుకున్నాను. ఎదురింటి మేడమ్ నిద్రలోనే పోయారని పాలావిడ చెప్పిన పొద్దున, ఆవిడ గురించి రాయడానికి నేనెవరిని అనిపించింది. ఆవిడ జీవరసాయన శాస్త్రంలో పరిశోధన చేసి, రిటైరై బందరు వచ్చారు. నేను సైన్సు నేర్చుకున్నది పకోడీలు కట్టిన కాగితాల మీద. పకోడీల కోసమే చదివానని మా చెల్లెలు అంటుంది. ఆ సంగతి ఇప్పుడెందుకు.

మేడమ్ ఇంట్లో ఆవకాయ జాడీ మీదా, చివరికి పెరుగు గిన్నె మీదా తేదీ రాసి ఉండేది. ల్యాబు అలవాటట. తెలియనిదాన్ని తెలీదనడం ఇంకో అలవాటు. మా వీధిలో అది అరుదు.

ఒకసారి ఆవిడ పనేమిటని అడిగాను.

"ఒంట్లో కత్తెరల్లాంటి ప్రోటీన్లు ఉంటాయండీ, వేరే ప్రోటీన్లను కోస్తాయి. ఎప్పుడు కోయాలో, ఎప్పుడు ఆగాలో చూసే ప్రోటీను ఇంకోటి. కాలవ లాకుల దగ్గర నీళ్లు వదిలే లస్కరు లాగా. మా రసాయనం ఆ లస్కరు చేతులు కట్టేస్తుంది."

"పాపం, ఆయనేం చేశాడండీ?"

"కట్టేస్తేనే కదా ఏ చేను మునుగుతుందో, ఏది ఎండుతుందో తెలిసేది! అదీ గాజు పళ్లెంలో పెంచిన కణాల మీదే లెండి."

నిరుడు మా చెల్లెలికి కాన్సరని తేలింది. బెజవాడ ఆసుపత్రిలో మందు ఎక్కించుకోమంటే భయపడి వెళ్లనంది. దాని మొగుడు, మా బావ, చేపల వ్యాపారి. అలాంటి రసాయనంతో ఎలకల్లో గడ్డ కరిగిందని పేపర్లో చూశాడు. రేవు నుంచి తిన్నగా మేడమ్ గుమ్మంలో దిగాడు, థర్మాకోల్ పెట్టె నిండా ఐసుతో. విలువైన సరుకు ఏదైనా ఐసులోనే వెళ్లాలని ఆయన నమ్మకం.

"నాలుగు చుక్కలు పోసివ్వండి మేడమ్ గారూ."

"నా దగ్గర లేదండీ. ఉన్నా ఇవ్వను. మనిషికి ఎక్కిస్తే ఏ చేను మునుగుతుందో నాకు తెలీదు."

"ఎలకలకిస్తారు గానీ మా ఆవిడకివ్వరా!"

"ఆ ఎలకలు తర్వాత ఏమయ్యాయో పేపర్లో రాశారా?"

బావ పెట్టె కింద పెట్టి కళ్లు తుడుచుకున్నాడు. మేడమ్ వచ్చి ఆయన పక్కన మెట్టు మీద కూర్చున్నారు.

"ఆసుపత్రి మందుతో ఏం బాగవుతుందో, ఏం చెడుతుందో తెలిసినవాళ్లు అక్కడున్నారు. నేను తోడొస్తాను. ఆవిడకి చెప్పండి."

అప్పటినుంచి ప్రతిసారీ మేడమే తోడెళ్లారు. బావ వార్డు గుమ్మం దాటలేకపోయేవాడు. "భయపడండమ్మా, తప్పులేదు. భయపడుతూనే కూర్చోండి" అనేవారట మా చెల్లెలితో.

మేడమ్ దహనమైన మర్నాడే మళ్లీ మందు ఎక్కించే రోజు.

"ఆవిడ లేకుండా నా వల్ల కాదన్నయ్యా" అంది చెల్లెలు.

తెల్లారి బావ ముందే వెళ్లి బస్సులో రెండు సీట్లు పట్టాడు. చెల్లెలు వచ్చి ఎక్కింది. వార్డులో చెల్లెలి మంచం పక్కన బావ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. నర్సు వచ్చి సూది గుచ్చింది.