జర్మనీ సుడి

వేప్పనపల్లి చుట్టుపక్కల పశువుల బ్రోకర్లకు కొదవ లేదు గానీ, దూడ తోకకు కూడా విడిగా ధర కట్టగలిగినవాడు పిల్లప్ప ఒక్కడే. శుక్రవారం సంతలో అమ్మేవాడి చెయ్యి ఒకసారి, కొనేవాడి చెయ్యి ఒకసారి తన తువ్వాలు కింద పట్టుకుని, వేళ్ళు నొక్కి బేరం తెంపుతాడు. ఆ తువ్వాలు కింద ఒప్పుకున్న మాటను వెనక్కి తీసుకున్నవాడు ఇంతవరకూ లేడు. తువ్వాలు ఉతికి ఎన్నాళ్ళయిందని మాత్రం అడగకూడదు.

పిల్లప్ప శాస్త్రమంతా సుడిలో ఉంది. నుదుటి మీది వెంట్రుకల సుడి కుడికి తిరిగితే ఆ పశువు కొట్టం నింపుతుంది, ఎడమకు తిరిగితే కొట్టం ఊడ్చిపెడుతుంది. ఇది వాళ్ళ తాత చెప్పిన మాట. తాతే చెప్పాడో, తాత చెప్పాడని పిల్లప్ప చెప్పాడో, అడిగే ధైర్యం ఎవరికీ లేదు. మనుషుల్నీ వదలడు. పెళ్ళిచూపులకు పోయినా ముందు పిల్లోడి నడినెత్తి చూసి, ఆ తర్వాతే కాఫీ అందుకుంటాడు.

ఇలాంటి మనిషికి జర్మనీ ఫుట్‌బాల్ పిచ్చి అంటించింది కూతురు ఇంద్రాణి. కృష్ణగిరిలో చదువుకునే రోజుల్లో ఆ పిల్ల కాలేజీ జట్టులో ఆడేది. ఒక శనివారం ఇంటికొచ్చి సెల్‌ఫోన్‌లో మ్యాచి చూస్తూ ఉంటే, పిల్లప్ప వక్కాకు నములుతూ తొంగి చూశాడు.

“ఎవురమ్మా ఆ బక్కోడు? గోలు కొట్టేదీ లేదు, కాసేదీ లేదు, ఊరికే నడమ తిరగతాండాడు.”

“ఆర్నో హెల్‌విగ్ అని, మిడ్‌ఫీల్డరు నాయనా. వెనకోళ్ళ దగ్గర బంతి తీసుకోని ముందోళ్ళకు అందిస్తాడు. గోలు కొట్టినోడిని అందురూ మోస్తారు, ఈయప్పను ఎవురూ తలుచుకోరు.”

పిల్లప్ప నమలడం ఆపేశాడు. “అంటే బ్రోకరు గదమ్మా! అమ్మేవోడూ నవ్వతా పోతాడు, కొనేవోడూ నవ్వతా పోతాడు, తిట్లు మాత్రం నడమోడికి. మనోడే పాపం!”

అంతలో ఆ కుర్రాడు బూటు తాడు కట్టుకోవడానికి వంగాడు. పొట్టి క్రాపు, నట్టనడుమ సుడి, చక్కగా కుడికి తిరిగి ఉంది. పిల్లప్ప లేచి నిలబడ్డాడు. “ఈ పిల్లోడు నిలబడతాడు. నేను చెప్పినాను, చూస్తా ఉండు.”

అప్పటికి ఆర్నో ఆడేది ఒక రేవు పట్నంలోని రెండో తరగతి జట్టుకు. అదీ ఎవరికైనా కాలు బెణికితే తప్ప బెంచీ మీదనుంచి లేచేవాడు కాదు. మరుసటేడే ఒక పెద్ద జట్టు అతన్ని కొనుక్కుంది. ‘కొనుక్కుంది’ అన్న మాట విని పిల్లప్ప మురిసిపోయాడు. మనుషుల్నే సంతకు తోలే దేశంలో తన చూపు చెల్లకుండా ఎలా పోతుంది? ఆ శుక్రవారమే సంతలో అతనికి ఆర్నప్ప అని పేరు స్థిరపడింది. మన పక్క పేరు వెనక అప్ప లేకపోతే మర్యాద లేదు.

దేశం జట్టు నుంచి కూడా ఆర్నప్పకు పిలుపొచ్చింది. ఇంకేముంది, సంతలో పిల్లప్పను పట్టలేకపోయారు. “ఒక వారం కుడికాలితో కొడతాడు, ఇంకో వారం ఎడమకాలితో. రెండు కాళ్ళోడప్పా!” అని టీ అంగడి ముందు ఆడి చూపించి, ఒకసారి పేడలో జారి పడ్డాడు కూడా.

ఆ తర్వాత ఆర్నప్ప మోకాలి నరం తెగింది. కల్లావి నుంచి వచ్చే ఏళుమలై, పిల్లప్పకు పోటీ బ్రోకరు, సంత నడుమ నిలబడి కేకేశాడు. “ఏమప్పా, నీ కుడి సుడి ఎద్దు కుంటిదయిందంట గదా!”

“కుడి సుడి. లేస్తాది పో,” అన్నాడు పిల్లప్ప. అన్నాడే గానీ, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా పోయి గుడిలో కొబ్బరికాయ కొట్టి వచ్చాడు.

ఆర్నప్ప లేచాడు. ఏడాదికి పైగా పట్టింది. పెద్ద జట్టు వదిలించుకుంటే, జుట్టు పెంచి ముడేసుకుని, తన పాత రేవు పట్నానికే తిరిగిపోయాడు. అక్కడ కెప్టెనయి ఆ చిన్న జట్టును పై తరగతికి ఎక్కించాడు. దాంతో సుడి చూడమని పిల్లప్ప దగ్గరికి బేరిగై నుంచి, ఆంధ్రా పక్క కుప్పం నుంచి కూడా రావడం మొదలుపెట్టారు. ఇలా పదేళ్ళు దాటింది.

ఈ ఏడు పిల్లప్ప ఇంట్లోనే చిక్కొచ్చిపడింది. వాళ్ళ ఆవు ఈనుతూ చచ్చిపోయింది. మిగిలిన కోడెదూడకు పిల్లప్ప భార్య పుట్టమ్మ సీసాతో పాలు పట్టింది, సీసా లేనప్పుడు పాలలో వేళ్ళు ముంచి చీకించింది. దూడ ఆమె కొంగు వదలకుండా తిరుగుతుంది. దాని సుడి మాత్రం ఎడమకు తిరిగింది.

“ఎడమ సుడిని నా కొట్టంలోనే కట్టుకుంటే, నా మాట ఎవురు నమ్ముతారే? శుక్రవారం తోలేస్తాను,” అన్నాడు పిల్లప్ప.

ఎడమ సుడి దూడను సాకేవాళ్ళు కొనరు. కొనేది లారీలోళ్ళే. ఆ లారీలు ఎక్కడికి పోతాయో పుట్టమ్మకు తెలుసు. ఆ రోజు నుంచి మొగుడితో మాట్లాడటమే మానేసింది. రాగి సంగటి ముద్ద పళ్ళెంలో పడే చప్పుడు మాత్రం పక్కింటికి వినబడేది.

ఆ వారమే ఆర్నప్ప ఆఖరి మ్యాచి. ఇప్పుడు హోసూరు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరయిన ఇంద్రాణి సెలవు పెట్టి వచ్చి, డబ్బు కట్టి చూసే చానెల్ తెరిచి టీవీకి కలిపింది. ఇన్నేళ్ళ గొప్పలు విన్న ఏళుమలై కూడా, తప్పు పట్టడానికైనా సరే అని, సాయంత్రానికే వచ్చి కూర్చున్నాడు.

జట్టులోని వాళ్ళు ఆటపట్టించి ఆర్నప్ప ముడి కత్తిరించేసినట్టున్నారు, మళ్ళీ పొట్టి క్రాపుతో దిగాడు. మ్యాచి ఆసాంతం ఎడమకాలితోనే కొట్టాడు. పిల్లప్పకు అనుమానమొచ్చింది. “కుడికాలు యాడ పోయిందమ్మా?”

ఇంద్రాణి నవ్వింది. “కుడికాలు ఎప్పుడుండాది నాయనా? మనం డబ్బు కట్టకుండా ఊరికే చూసిన వీడియోలు కొన్ని అద్దంలో మాదిరి తిరగేసి పెడతారు, దొంగతనం పట్టుబడకుండా. చొక్కా మీద ఎనిమిది గదా, తిరగేసినా ఎనిమిదే. నీకు చెప్పేంత సంగతి కాదనుకున్నాను.”

టీవీలో ఆట ముగిసింది. ఆర్నప్ప జనం ముందు తల వంచి దండం పెట్టాడు. కెమెరా నెత్తి మీదికొచ్చి ఆగింది. సుడి ఎడమకు తిరిగి ఉంది.

అన్ని రోజుల మౌనం తర్వాత పుట్టమ్మ నోరు విప్పింది. “అది యా పక్కయ్యా?”

“శుక్రవారం ఈ మాట సంతలో నేను చెప్పాల్నా, నువ్వే చెప్తావా?” అన్నాడు ఏళుమలై, మీసం దువ్వుకుంటూ.

పిల్లప్ప అంత తేలిగ్గా పడేవాడా! “వాళ్ళుండేది భూమికి ఆ పక్క గదప్పా. ఆడ ఎడమంటే ఈడ కుడి లెక్క.”

“అట్లయితే నా దూడను జర్మనీ పక్కకు తిప్పి కట్టు,” అంది పుట్టమ్మ.

ఏళుమలై నవ్వీ నవ్వీ టీ ఒలకబోసుకున్నాడు. పిల్లప్ప టీవీ వైపే చూస్తున్నాడు. మోకాలి నరం తెగినా లేచినవాడు, వదిలించుకున్నా తిరిగొచ్చి నిలబడినవాడు, ఎడమ సుడోడు. ఈ చేతులతో తాను ఎన్ని కొట్టాల నుంచి ఎన్ని దూడల్ని లారీ ఎక్కించాడో గుర్తొచ్చింది. ఎదురుగా పుట్టమ్మ మొహం చూడటానికి సిగ్గేసింది.

భుజం మీది తువ్వాలు తీసి చేతి మీద కప్పుకుని, ఆమె ముందు చాపాడు. “నీ దూడ నాకు అమ్ము.”

ఆ తువ్వాలు కిందికి ఆడ చెయ్యి ఏనాడూ రాలేదు. పుట్టమ్మ కొంగుకు చెయ్యి తుడుచుకుని పెట్టింది. దూడ చీకి చీకి పగిలిన వేళ్ళు, గరుకుగా తగిలాయి. ఆమెకు వేళ్ళ లెక్కలు తెలియవు. చెయ్యి మొత్తం గట్టిగా పట్టుకుంది.

“బేరం తెగింది,” అన్నాడు పిల్లప్ప.

“ఎంతకప్పా?” అన్నాడు ఏళుమలై.

“తువ్వాలు కింద మాట. చెప్పకూడదు.”

శుక్రవారం సంతలో ఏళుమలై నోరు తెరవకముందే పిల్లప్పే అంతా చెప్పేశాడు, కొంచెం తన పక్కకు తిప్పుకుని. ఇంట్లో దూడను ఇప్పటికీ జర్మనీ పక్కకని పడమటి ముఖంగానే కడతాడు. ఎవరైనా అడిగితే అది జర్మనీ సుడి, మీకు తెలియదంటాడు. సంతలో మాత్రం ఎవరైనా ఎడమ సుడి దూడను తెస్తే, అలవాటు కొద్దీ ముందు నుదురే చూస్తాడు. తర్వాత తువ్వాలు తీసి ఆ నుదుటి మీద కప్పి, “నడిపించప్పా, చూస్తాను” అంటాడు.